పొన్నైకే

గుడియాత్తంలో తెల్లారేసరికి నేతగాళ్ళ వీధి పొడుగునా పడుగు సాగి ఉంటుంది. దానికి గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండ ముదిరే లోపల ఆరబెట్టాలి. తెగిన పోగులు అతకడం చిన్నవాళ్ళ పని. అప్పాసామి కూతురు కాంచన పడుగుకు ఒక పక్కన, ఆ ఇంట్లో రెండో మగ్గం నేసే జయరాములు ఇంకో పక్కన వంగి, పోగులు వెతుక్కుంటూ నడిచేవాళ్ళు.

"బావా, నా పక్క అంతా బాగుండాది. నీ పక్కే తెగతా ఉండాది."

"నువ్వు ఇటే చూస్తా ఉంటే తెగదా మరి?"

కాంచన గంజి చెయ్యి విదిలించేది. చుక్కలు జయరాములు ముఖం మీద పడి ఎండిపోయేవి. తుడుచుకునేవాడు కాదు.

ఆ ఇంటి బట్టకు ఒక గుణం ఉంది. నేసేటప్పుడు మగ్గం దగ్గర ఎవరేం మాట్లాడినా బట్టలోకి పోతుంది. మగ్గం దిగాక మొదటిసారి నీళ్ళు తగిలినప్పుడు ఒక్కసారి బయటికి పలుకుతుంది. రెండోసారి పలకదు. తిరువలంలో ఒకామె కొత్త తువ్వాలు జాడిస్తే, కూరలో ఉప్పెక్కువైందని అప్పాసామి పెళ్ళాంతో జగడమాడడం వినిపించింది. ఆ జగడం ఎట్లా ముగిసిందో చెప్పే తువ్వాలు ఏదో పంపమని ఆమె కబురు చేసింది. అప్పాసామి దాని తరువాత నేసిన తువ్వాలు పంపించాడు. రంగూన్‌కు పోయే కైలీ లుంగీలు మాత్రం నోరు మూసుకుని నేసేవాళ్ళు.

అప్పాసామి తల్లి కుప్పమ్మ ఒకప్పుడు ఆ మగ్గం గుంటలో కూర్చుని మగవాళ్ళతో సమంగా నేసింది. ఇప్పుడు నోట్లో ఒక్క పన్ను లేదు. మాటలు కూడా పళ్ళలాగే ఒకటొకటిగా రాలిపోతున్నాయి. మొదట ఉప్పు జాడీ ఎక్కడ పెట్టిందో మరిచింది. తరువాత ఎదురింటివాళ్ళ పేర్లు పోయాయి. పొద్దున లేవగానే కాంచన పైట చెంగు పట్టుకుని, ఇంట్లోవాళ్ళ పేర్లు వరసగా అప్పజెప్పుకునేది. ఎక్కడైనా ఆగిపోతే కాంచన అందించేది.

ఆ ఏడు శుభకార్యాలు చెయ్యని ఆడి నెల పోగానే వేలూరు నుంచి అప్పాసామి అక్క రాజాంబాళ్ వచ్చింది. ఆమె కొడుకు సుబ్బరాయులుకు అక్కడ బట్టల అంగడి ఉంది.

"ఏం తంబీ, పిల్లను ఎప్పుడు పంపిస్తావు? అమ్మ మాట ఇచ్చి పదహారేండ్లాయె."

"ఏం మాట?" అన్నాడు అప్పాసామి.

"ఏమ్మా, ఉయ్యాలలో ఉన్నప్పుడే పిల్లను ఇస్తానని చెప్పినావు గదా?"

కుప్పమ్మ కండ్లు మూసుకుని చాలాసేపు వెతుక్కుంది. "ఆమా, అవును, ఇస్తానన్నా. మగ్గంలో కూర్చోని అన్నా. పొన్నై... ఇస్తానన్నా."

"చూస్తివా!" అంది రాజాంబాళ్. వేలూరి అరవంలో పొన్నై అంటే పిల్లను అని. "పొన్నై ఇస్తాననింది. తల్లి కూతురికి కాక ఇంకెవురికి ఇస్తుంది?"

గడప దగ్గర నూలు కండెలు సర్దుతున్న జయరాములు తలెత్తాడు. అతనిది పొన్నై అనే ఊరు. కుప్పమ్మ చెల్లెలి కూతురు కాళియమ్మ అతని తల్లి. అతనికి ఊహ తెలియకముందే ఆమె పోయింది.

"మా ఊరి పేరు మాదిరి ఉండాది మామా," అన్నాడు మెల్లగా.

"ఊరిని ఎవురన్నా ఇస్తారంట్రా?" అని అప్పాసామి నవ్వేశాడు. అక్కకు ఎదురు చెప్పడం అతనికి చేతకాదు. పెద్దామె ఇచ్చిన మాట అంటే ఆ ఇంట్లో తిరుగు లేదు. మరుసటి శుక్రవారానికి తాంబూలాలు అనుకున్నారు.

కాంచన తాంబూలాలనాడు కట్టుకోవలసిన చీర కోసం పెట్టె తెరిచింది. అడుగున ఎర్రంచు తెల్లచీర ఉంది. ఆమె పుట్టిన నెలలో అవ్వ నేసి దాచింది. ఇంతవరకు నీళ్ళు చూడలేదు.

పెరట్లో బావి దగ్గర జయరాములుకు చూపించింది. "అవ్వ మాట ఇచ్చింది ఈ చీర నేస్తా ఉన్నప్పుడే అయ్యుంటాది."

"అయితే ఒక మూల తడిపి చూడు. ఎవురికిచ్చిందో తెలిసిపోతాది."

కాంచన చేద వైపు చూసింది. వేళ్ళు తడిగానే ఉన్నాయి. చీరను చప్పున వెనక్కి పట్టుకుంది.

"మనిద్దరమే వింటే ఎవురు నమ్ముతారు బావా? మళ్ళీ పలకదే."

"అందురి ముందర వేలూరనే పలికితే?"

"పలికితే వేలూరికి పోతా," అంది కాంచన. శుక్రవారం దాకా వీధిలో పడుగుకు చెరో పక్కన ఒకరినొకరు చూడకుండా పోగులు అతికారు.

శుక్రవారం రాజాంబాళ్ పళ్ళూ పూలూ తెచ్చి పళ్ళెంలో పెట్టింది. సుబ్బరాయులు కొత్త చొక్కాలో చెమట పట్టి కూర్చున్నాడు. కాంచన చీరను నడుమ పరిచి, అందరూ కూర్చున్నారా అని ఒకసారి చూసింది. పసుపు నీళ్ళలో వేలు ముంచి తానే మూలన అద్దింది.

ముందు మగ్గంలో నాడె అటూ ఇటూ ఆడిన చప్పుడు వచ్చింది. పసిబిడ్డ ఏడుపు. ఆ తరువాత ఒక పడుచు గొంతు: "ఏం పెద్దమ్మా, ఇంత ముద్దుగా ఉండాదే, ఎవురికిస్తావు?"

వాకిట్లో నిలబడిన జయరాములు గడప దాటి వచ్చి చీర పక్కన కూర్చున్నాడు. అవ్వను పెద్దమ్మా అనేది అమ్మ ఒక్కతే; ఆ గొంతు ఎట్లుంటుందో అతనికి అప్పుడు తెలిసింది.

"ఎవురికేందే కాళియమ్మా, నీ కొడుకు లేడా?" పళ్ళన్నీ ఉన్న కుప్పమ్మ గొంతు కంగుమంది. "పొన్నైకే ఇస్తా. ఈ మాట మరిస్తే నా నోట్లో పళ్ళన్నీ ఊడిపోనీ!"

చీర మళ్ళీ చీరగా ఊరకుంది. అందరూ కుప్పమ్మ నోటి వైపు చూశారు.

"ఎవురది, అంత బాగా మాట్లాడతా ఉండేది?" అంది కుప్పమ్మ.

"నువ్వే అవ్వా," అంది కాంచన.

"అట్లనా!" అని బోసినోటితో నవ్వింది.

రాజాంబాళ్ పైట సర్దుకుని పళ్ళెం జయరాములు ముందుకు తోసింది. "తీసుకోరా. మీ అమ్మ పోయి కూడా నన్ను గెలిచింది. 'కే' అని ఒక్క అక్షరం, పాడుది, మా అమ్మ నోట్లో నుంచి జారిపోయి నన్ను ఇంత దూరం రప్పించింది." సుబ్బరాయులు గుండీ విప్పి గాలి పీల్చుకున్నాడు.

పెళ్ళికి ముందు కాంచన తానే అవ్వ మగ్గం గుంటలో కూర్చుని పొడుగాటి తెల్లబట్ట ఒకటి నేసింది. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. నేసినన్నాళ్ళూ ఒకే మాట చెప్పుకుంటూ పోయింది.

కాంచన పొన్నైకి వెళ్ళిపోయాక, ఆమె తల్లి ప్రతి పొద్దునా ఆ బట్టలో పేలిక చించి, నీళ్ళలో ముంచి, కుప్పమ్మ ముఖం తుడిచేది. పేలిక కాంచన గొంతుతో పలికేది:

"అవ్వా, నేను కాంచనను. నీ మనవరాలిని. పొన్నైకే ఇచ్చినావు. బాగుండాను."

"ఓ, కాంచనా!" అని, కుప్పమ్మ గంజి కోసం చెయ్యి చాపేది.