ఆగిపోయిన బొమ్మ

వసంతమ్మ సంచిలో సర్దుకున్న తువ్వాలును చెంగల్రాయుడు బయటికి లాగి, ముఖం తుడుచుకుని తన భుజాన వేసుకున్నాడు. “కుప్పం పోతావా? యాడ పోతావులే” అని తనే అడిగి తనే జవాబు చెప్పుకున్నాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో మొగుడు అడిగినవన్నీ అంతే. తింటావా? ఇప్పుడేం తింటావులే. మీయమ్మను సూసొస్తావా? పండగ కానీలే. ఆమె నోరు తెరిచేలోపలే జవాబు వచ్చేసేది. లోపలినుంచి అత్త రెడ్డెమ్మ అందుకుంది. “పది దినాలు నా కొడుక్కి సంగటి ఎవురు కెలికేదమ్మా? నీ కంప్యూటరు కెలుకుతాదా?”

పుంగనూరులో ఒక చిన్న ప్రైవేటు బడిలో వసంతమ్మ మూడో తరగతి టీచరు. నాలుగో తరగతి రేఖది. పాఠాలు చెప్పే కొత్త పద్ధతులను ఇంటర్నెట్లో నేర్పిస్తారని కబురు తెచ్చింది రేఖే. ఆరు నెలలపాటు ఆదివారం వచ్చిందంటే వసంతమ్మ వంట చేసి మూతపెట్టి, గుడ్డలుతికి, రేఖతో మదనపల్లె బస్సెక్కేది. నెట్ సెంటరులో ఒకే కుర్చీలో చెరిసగం కూర్చునేవాళ్ళు. మొదటి ఆదివారం, తెరమీద ఒక టీచరు పిల్లల్ని ప్రశ్న అడిగి కదలకుండా నిలబడిపోయింది. నెట్ నిదానం కాబట్టి అక్కడ వీడియో బొమ్మ మధ్యలో ఆగిపోవడం మామూలే.

“అప్పా, మా బొమ్మ నిలిచిపోయిండాది, సూడు” అని వసంతమ్మ సెంటరతన్ని కేకేసింది.

రేఖ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. “నిలిచిపోలేదక్కా. కాసుకోనుండాది.”

“దేనికే?”

“పిల్లోల్లు జవాబు చెప్తారని.”

అంతలో తెరమీద వెనక బెంచీలోని ఒక చిన్నపిల్ల మెల్లగా చెయ్యెత్తింది. వసంతమ్మ తెరకు దగ్గరగా జరిగింది. అడిగినాక ఆగాలని ఆమెకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

కోర్సు చివర పది రోజులు కుప్పంలో క్లాసులు. బాగా చెప్పినవాళ్ళను అక్కడే ట్రైనర్లుగా పెట్టుకుంటారని తెలిసి, రేఖ ఇద్దరి పేర్లూ ఇచ్చేసింది.

వసంతమ్మ తువ్వాలు లేని సంచితోనే బస్టాండు దాకా వచ్చింది. కుప్పం దారిలో పలమనేరు దాకా పోయే బస్సు కదలబోతోంది. పక్క సీటు మీద రేఖ తన బ్యాగు పెట్టి కాపలా కాస్తోంది. వసంతమ్మ మెట్టు మీద కాలు పెట్టింది, తీసేసింది. పొయ్యి, అత్త మోకాళ్ళ నొప్పులు, భుజాన తువ్వాలుతో ఆయన.

“వస్తావా అక్కా?” అని రేఖ కిటికీలోంచి అడిగింది. అడిగి, ఆగింది. రమ్మనలేదు, తొందరపెట్టలేదు. “ఏమ్మా, ఎక్కేదానికి బొట్టు పెట్టి పిలవాల్నా?” అని కండక్టరు కసురుకున్నా, ఆ పిల్ల వసంతమ్మ ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది. ఒక మనిషి తన జవాబు కోసం అట్లా కాచుకుని ఉంటే వసంతమ్మకు మాట పెగల్లేదు. అలవాటు లేదు. అలవాటు ప్రకారం, తన తరఫున ఎవరో ఒకరు చెప్పేస్తారని చూస్తూ నిలబడింది. బస్సు వెళ్ళిపోయింది.

“వచ్చేస్తివా? నాకు తెలుసులే” అన్నాడు చెంగల్రాయుడు. సంచిలోని చీరలు తీసి మళ్ళీ దండెం మీద వేస్తుంటే, “వస్తానే రేఖా” అని ఆమె నోట్లోంచి వచ్చింది.

జూన్లో బడి తెరిచాక ఆమె క్లాసులో ఒక ప్రశ్న అడిగి, ఆగింది. “టీచరు పాఠం మర్సిపోయిండాది రా” అని పిల్లలు మోచేతులతో పొడుచుకున్నారు. ఆమె కదల్లేదు, వెనక బెంచీలో చెయ్యి లేచేదాకా. ఆ రోజు ఇంట్లో ఆయన “సంగటి పెడతావా? పెట్టులే” అన్నప్పుడు, “ఆగు, నేనింకా చెప్పలేదు” అంది.

రేఖకు ఉద్యోగం కుప్పంలోనే ఇచ్చారు. ఆమె వెళ్ళింది రెండువేల తొమ్మిది మే నెలలో. మళ్ళీ పుంగనూరుకు రాలేదు.