ఒకటో నంబరు అడ్రసు

కొత్త అడ్రసులకు ఏ నంబర్లు ఇవ్వాలో హరిబాబు తేల్చేశాడు. లారీలు తూచే కాటాకు ఒకటి. గేట్ పాసుకు రెండు.

నీలవేణి కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులోని ఈ రేకుల ఫ్యాక్టరీలో కంప్యూటర్ల పని ఆమెది. ఇంకా టెంపరరీ. పర్మినెంటు చేయమని చెప్పవలసింది ఐటీ ఇన్‌చార్జి హరిబాబే. ఆ మాట ఇవాళే తేలుస్తానని మేనేజరు అమర్‌నాథ్ అన్నాడు.

ఉన్న సర్వరు ఒకటే. నెట్‌వర్కులో దాని అడ్రసు ఇరవై. కాటా ప్రోగ్రాముకు, గేట్ పాసుకు విడి అడ్రసులు కావాలన్నారు. కొత్త మిషను కొననక్కరలేదు, ఉన్నదానికే ఇంకో రెండు అడ్రసులు తగిలిస్తే చాలు.

"ఒకటి రౌటరుది సార్. బయటికెల్లే ప్రతీదీ దాని మీదుగానే ఎల్తాది. ఇరవయ్యొకటి, ఇరవైరెండు కాళీగున్నాయి, అయ్యి పెడతాను" అంది నీలవేణి.

"రౌటరంటే ఏటి? గోడకి ఏలాడే డబ్బా. ఇది సర్వరమ్మా! న్యూ సెటిల్‌మెంటు రైల్వే కాలనీలో మా లైనుకి ఒకటో నంబరు క్వార్టరు ఎవరికిచ్చినారు? ఫోర్మేనుకి. కలాసీకిచ్చినారేటి?"

"క్వార్టర్లో మనిసుండగా ఇంకొకరు సామాను దించితే ఏటవుద్ది సార్?"

"సిన్నోడు కాళీ సేస్తాడు."

హరిబాబు సొంతిల్లు కట్టుకుని చాలాకాలమైంది, బుర్ర మాత్రం ఇంకా ఆ లైనులోనే కాపురముంటోంది. ఫోను ఎక్స్‌టెన్షన్ నంబరు తనకన్నా చిన్నదని స్టోర్సు ఆఫీసరుతో మాటలు మానేసిన మనిషి.

"జరుగమ్మా" అని తనే కుర్చీలో కూర్చున్నాడు. ఆమె తెరిచిపెట్టిన కమాండులో ఇరవయ్యొకటి చెరిపి ఒకటి కొట్టాడు. సర్వరు కిక్కురుమనలేదు.

"సూసినావా? ఏటన్నా అన్నాదా?"

"అనదు సార్. దానికి మీరేటి సెప్తే అదే."

మెచ్చుకోలనుకుని హరిబాబు నవ్వాడు.

కాసేపటికి గేటు నుంచి అక్కడి గుమాస్తా జెఫ్రీ ఫోను చేశాడు. "అక్కా, నెట్‌లో తీసే ఈ-వే బిల్లులు ఆగిపోయినాయి. అయ్యి లేక లారీ ఒక్కటీ కదలట్లేదు. డ్రైవర్లు నా మీద పడతన్నారు."

ఆగక ఏం చేస్తాయి? ఒకటో నంబరు ఎవరని కంప్యూటర్లు అడిగితే రౌటరూ నేనే అంటోంది, సర్వరూ నేనే అంటోంది. సర్వరును నమ్మి వెళ్ళినదానికి బయటికి దారి లేదు.

హరిబాబు ముఖం తుడుచుకున్నాడు. "అమ్మా నీలవేణీ, నువ్వే కొట్టినావని సెప్పు. కొత్త పిల్లవి, ఏటీ అనరు. పర్మినెంటు సంగతి నేను సూసుకుంటాను."

ఆమె అతన్ని లేపి కుర్చీలో కూర్చుంది. ఆ అడ్రసు తీసేసింది, ఇరవయ్యొకటి పెట్టింది. గేటు దగ్గర హారన్లు ఒక్కొక్కటే తగ్గాయి. అప్పటికి అమర్‌నాథ్ గుమ్మంలోకి వచ్చాడు.

"ఎవరు చేశారిది?"

"మన అమ్మాయే సార్, తెలీక..." అని హరిబాబు అందుకున్నాడు.

"నేను కాదు సార్" అంది నీలవేణి. "వద్దని సెప్పినాను. ఈయనే కొట్టినారు."

అమర్‌నాథ్ ఇద్దరినీ చూశాడు. తగువు తీర్చే ఓపిక ఆయనకు లేదు. "ఠీక్ హై. పని నడుస్తోంది కదా. హరిబాబూ, ఈ అమ్మాయిని పర్మినెంటు చేయమంటావా?"

హరిబాబు గొంతు సవరించుకున్నాడు. "పని వచ్చు సార్. నోరే కొంచెం... ఇంకో ఆర్నెల్లు సూద్దాం."

"సరే" అన్నాడు అమర్‌నాథ్.

నీలవేణి సంచీ భుజాన వేసుకుంది.

"ఎక్కడికమ్మా? గేట్ పాసుకి అడ్రసు పెట్టొద్దా?" అన్నాడు హరిబాబు.

"మీరున్నారు గదా సార్" అంది ఆమె. "నాకన్నా పెద్దోరు. నేను సిన్నదాన్ని, కాళీ సేసేసినాను" అని బయటికి నడిచింది.

హరిబాబు కుర్చీలో కూర్చున్నాడు. తెర మీద కర్సరు మెరుస్తోంది. గేటు నుంచి మళ్ళీ ఫోను మోగింది. ఎవరైనా ఎత్తుతారేమోనని అతను గది చుట్టూ చూశాడు. అమర్‌నాథ్ గుమ్మంలోనే నిలబడి అతన్నే చూస్తున్నాడు.