రోజూ కలిసే తింటామండీ

వంటపాత్రలు తయారుచేసే ఒక కంపెనీలో ఆయన ప్రచారాధికారి. ఉల్లిపాయ కోయడం రాదు గానీ కోతలు కోయడంలో ఆయన్ని మించినవాడు ఆ ఆఫీసులో లేడు. మూత సరిగా పట్టని గిన్నెను ‘ఊపిరి పీల్చే గిన్నె’ అని రాసి అమ్మించిన ఘనత ఆయనదే. అందుకే అమ్మకాలు పడిపోయిన ఏడాది మేనేజరు అందరినీ పిలిచి కూర్చోబెట్టినప్పుడు ముందు వరస కుర్చీ ఆయనకే దక్కింది.

“జనం ఇంట్లో వండుకోవడం మానేస్తున్నారయ్యా,” అన్నాడు మేనేజరు బాధగా. “వండినా ఎవరి కంచం వాళ్లు పట్టుకుని ఎవరి మూలకి వాళ్లు పోతున్నారు. ఇలాగైతే పెద్ద గిన్నెలు ఎవరు కొంటారు? మనం ఒక ఉద్యమం మొదలుపెడుతున్నాం. పేరు ‘ఇంటి వంట, ఇంటిల్లిపాదీ’. మామూలు కూర, మామూలు పప్పు, సాయంత్రం అందరూ కలిసి తినడం. ఇంతే. సరే, మీలో రోజూ ఇంట్లోవాళ్లతో కలిసి కూర్చుని తినేవాళ్లు చేతులెత్తండి.”

ఒక్క చెయ్యీ లేవలేదు. లెక్కలు చూసే ఆయన పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాడు. అమ్మకాల విభాగం ఆవిడ కిటికీలోంచి ఎదురు గోడను శ్రద్ధగా చూసింది. మేనేజరు మొహం నల్లబడటం చూసి ప్రచారాధికారి నాలుక ఊరుకోలేకపోయింది.

“మేమండీ,” అన్నాడు చెయ్యెత్తి. “రోజూ కలిసే తింటామండీ.”

అక్కడ ఆగి ఉంటే గొడవే లేదు. కానీ మాటలు అమ్ముకుని బతికేవాడు ఒక్క వాక్యంతో ఎలా ఆగుతాడు?

“ఏడున్నరయ్యేసరికి నలుగురం బల్ల దగ్గర ఉంటామండీ. మా ఆవిడ ఏదో సాదాగా వండుతుంది. వడ్డించేది మాత్రం నేనే. మా అత్తగారికి కొసరి కొసరి వడ్డిస్తే గానీ నాకు ముద్ద దిగదు.”

మేనేజరు కళ్లు చెమర్చాయి. “విన్నారా?” అని మిగతావాళ్ల వంక చూశాడు. “మన కంపెనీ పత్రిక ముఖచిత్రం మీ కుటుంబమేనయ్యా. గురువారం సాయంత్రం ఫొటోగ్రాఫర్ని వెంటబెట్టుకుని నేనే వస్తాను.”

ప్రచారాధికారి నోట్లో వెలక్కాయ పడింది.

ఆ ఇంట్లో భోజనాల తీరు నిజానికి వేరు. అత్తగారు చీకటి పడకముందే సీరియల్ ముందు కంచం ఒళ్లో పెట్టుకుని ముగించేది. కాలేజీలో చదువుతున్న కూతురు కంచంతో సహా తన గదిలోకి పోయి తలుపేసుకునేది. కంచం మళ్లీ బయటికి ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. కళ్లద్దాల దుకాణంలో పొద్దంతా నిలబడి వచ్చే భార్య, ఇంట్లోనూ పొయ్యి పక్కన నిలబడే, మూకుట్లో మిగిలిన కూరలో ఇంత అన్నం కలుపుకుని అయిందనిపించేది. ఇక ఆయన మేనేజరు గదిలో దీపం ఆరేదాకా సీటు వదిలేవాడు కాదు. భోజనాల బల్ల ఒకటి ఉండేది. ఇస్త్రీకి వెళ్లాల్సిన బట్టలు, పాత పేపర్లు, ఉల్లిపాయల సంచీ, పాడైన మిక్సీ, వీటన్నిటి కింద అది ఇంకా ఉందని ఇంటిల్లిపాదీ నమ్మకం.

ఆ రోజు ఆయన పెందలాడే ఇంటికి రావడంతో భార్య గాభరా పడింది.

“ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా?”

“బాగానే ఉంది. గురువారం మనం భోజనం చేస్తున్నాం.”

“మిగతా రోజులు ఏం చేస్తున్నాం?”

“కలిసి చేస్తున్నాం.”

“ఎవరితో?”

“మనతోనే. నువ్వూ, నేనూ, పిల్లా, అత్తయ్యగారూ.”

ఆవిడ గరిటె కింద పెట్టింది. “ఎవరింట్లో?” అంది అనుమానంగా.

ఇక దాచి లాభం లేదని ఆయన జరిగిందంతా చెప్పాడు. పక్కగదిలో సీరియల్ గొంతు తగ్గింది. అత్తగారి గొంతు పెరిగింది.

“కోతలు కోసింది మీరైతే, ఏడున్నరదాకా నా కడుపు మాడ్చుకోవడం దేనికి బాబూ?”

“ఒక్క రోజే కదా అత్తయ్యగారూ.”

కూతురు తలుపు సందులోంచి తల బయటపెట్టింది. “నాన్నా, ఫొటోలో నేనెలా ఉండాలి?”

“మామూలుగా ఉండమ్మా. రోజూ ఎలా ఉంటావో అలాగే.”

“అయితే గదిలో ఉంటా,” అని తలుపేసేసింది.

మామూలుగా కనబడాలంటే సాధన కావాలని ప్రచారాధికారికి అప్పుడే బోధపడింది. మర్నాడు సాయంత్రం నలుగురూ కలిసి బల్లను తవ్వి బయటికి తీశారు. కింద ఆకుపచ్చ రంగు తేలింది. కొన్నప్పుడు గోధుమరంగని అత్తగారు వాదించింది. భార్య అన్నం, పప్పు, బంగాళదుంపల వేపుడు తెచ్చి పెట్టింది. అందరూ కూర్చున్నారు.

“సహజంగా మాట్లాడండి,” అని ఆజ్ఞాపించాడు ఆయన.

నములుతున్న చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. చివరికి ఆయనే అందుకున్నాడు.

“ఇవాళ ఎండ మండిపోయింది.”

“పొద్దుట్నుంచీ ముసురు నాన్నా.”

“ఆఁ, ముసురే.”

ఆ పూటకి సాధన అంతటితో సరి. మరుసటి సాయంత్రం మాత్రం భార్య ఉండబట్టలేక దుకాణంలో సంగతి ఒకటి చెప్పింది. ఒక పెద్దమనిషి కళ్ల పరీక్షకి వచ్చి, గోడమీది అక్షరాలన్నీ పైనుంచి కిందదాకా గడగడా అప్పజెప్పాడట. తీరా చూస్తే తుడవడానికని పటం అప్పటికే తీసేశారు. వరసలో తన ముందున్నవాళ్లు చదువుతుంటే విని బట్టీ పట్టాడు. “పటం లేదు కదండీ” అంటే, “అది మీ తప్పు, నేను పాసయ్యానా లేదా అది చెప్పండి” అన్నాడట. అత్తగారికి నవ్వుతో పొలమారింది. కూతురు ఆవిడ నెత్తిమీద తడుతూ తనూ పడీ పడీ నవ్వింది.

“బాగుంది, చాలా బాగుంది,” అన్నాడు ప్రచారాధికారి. “ఇప్పుడే అందరూ నవ్వేయకండి. గురువారానికి కాస్త అట్టే పెట్టండి.”

గురువారం మేనేజరు, ఫొటోగ్రాఫర్, రెండు పెద్ద దీపాలు వచ్చాయి. వంటింట్లోంచి వేపుడు రాగానే ఫొటోగ్రాఫర్ పెదవి విరిచాడు.

“కూర నీరసంగా ఉందండీ,” అన్నాడు.

కుంచెతో బంగాళదుంప ముక్క ముక్కకీ నూనె పూశాడు. పప్పు ఎండినట్టుందని నీళ్లు చిలకరించాడు. పొగలు రావాలని వేడినీళ్లలో ముంచిన దూదిని అన్నం వెనకాల దాచాడు. కంపెనీ గిన్నె పేరు కనబడేలా గిన్నెనీ, గిన్నెకి అడ్డొస్తున్నాడని ప్రచారాధికారినీ పక్కకి జరిపాడు.

“ఇప్పుడు అందరూ ముద్ద కలపండి. నోటిదాకా తేండి. అక్కడ ఆపండి. తినకండి! నవ్వండి.”

ఆపారు. నవ్వారు. దీపం మార్చి మళ్లీ ఆపమన్నాడు. మళ్లీ ఆపారు. ఎవరి కడుపులో ఎలకలు వాళ్లకి వినబడుతున్నాయి. భోజనం వేళ ఎప్పుడో దాటిపోయిన అత్తగారు తన ముద్దను ఎగాదిగా చూసి నోట్లో పెట్టేసుకుంది.

“అమ్మా, అది తినకూడదండీ!” అని ఫొటోగ్రాఫర్ కేకేశాడు.

“అన్నం ముందు పెట్టి తినకూడదనడం ఎక్కడి న్యాయం నాయనా?” అని ఆవిడ రెండో ముద్ద కలిపింది.

ఆ తరవాత ఎవరు చెప్పినా ఎవరూ వినలేదు. మేనేజరు కూడా కుర్చీ లాక్కుని కూర్చుని, నూనె పూసిన వేపుడు మారు వడ్డించుకున్నాడు. అత్తగారు ఇంకొంచెం వెయ్యమంటూ కంచం జాపితే ప్రచారాధికారి పప్పు బదులు దూదిని వడ్డించబోయాడు. భార్య చెయ్యి పట్టుకుని ఆపింది.

నెల తిరిగాక పత్రిక వచ్చింది. ముఖచిత్రం మీద ఉన్నది అత్తగారొక్కతే, నోటి నిండా అన్నంతో. కింద మూలన ఒక మోచెయ్యి ఉంది. అది తనదేనని ప్రచారాధికారి అందరికీ చూపించుకున్నాడు. ఆ బొమ్మ పుణ్యమా అని గిన్నెలు కదిలాయి. మేనేజరు ఆయన్ని పిలిచి భుజం తట్టాడు.

“ఇవాళ్టి నుంచి నువ్వు మన కుటుంబ భోజన రాయబారివి. రోజూ సాయంత్రం ఒక కాలనీ. మన వంటమనిషి వేదిక మీద ఏదో తేలిగ్గా వండుతాడు. నువ్వు కలిసి తినడం గురించి మాట్లాడాలి. జనం తీరిగ్గా ఉండేది ఆ వేళే కదా!”

ఆ వేళకి ఇంట్లో భోజనాలవుతాయి గదా అని రాయబారికి తట్టలేదు. మైకు దొరికిన సంబరం అలాంటిది.

ఆయన బ్రహ్మాండంగా మాట్లాడేవాడు. “పంచుకున్న పప్పుకి ఉన్న రుచి పంచభక్ష్యాలకి లేదు” అంటే చప్పట్లు మోగేవి. “నా కూతురు చెప్పే కాలేజీ కబుర్లే నాకు నంజుకునే ఆవకాయ” అంటే తల్లులు కళ్లొత్తుకునేవారు. అవన్నీ అయ్యాక కంపెనీ వ్యానులో, గరిటెల పెట్టె మీద కూర్చుని, కాగితంలో చుట్టిన బన్ను తినేవాడు. వంటమనిషి వండింది ముందు వరసవాళ్లకే సరిపోయేది కాదు.

ఇంట్లో బల్ల మాత్రం మళ్లీ బట్టల కింద పడలేదు. దాని మీద పెట్టుకుని తింటే మోకాళ్లు నొప్పెట్టడం లేదని అత్తగారు కనిపెట్టింది. సీరియల్లో కోడలికి మతి పోయి చాలాకాలమైనా ఇంకా తిరిగి రాలేదు. దాని బదులు మనవరాలు చెప్పే కాలేజీ సంగతులు రోజుకి రోజు ముందుకి కదులుతున్నాయి. కూతురు గదిలో తింటే ఫోను తప్ప నవ్వేవాళ్లు లేరు. ఇక్కడ అమ్మమ్మ ఉంది. భార్య అయితే కూర్చుని తినడం అలవాటయ్యాక మళ్లీ నిలబడనని తెగేసి చెప్పింది. కూరలు పెద్ద గొప్పవేం కావు. ఒక రోజు క్యాబేజీ, ఒక రోజు గుడ్లు, ఒక రోజు టమాటా పప్పు. కూతురు వండిన నాడు అడుగంటేది. అయినా గిన్నె ఖాళీ అయ్యేది.

రాయబారి ఇంటికొచ్చేసరికి మూత పెట్టిన కంచం ఒకటి పొయ్యి పక్కన ఉండేది. వేడిచేసుకుని అక్కడే నిలబడి తినేవాడు. ఒకసారి అలా తింటుండగా హాల్లోంచి కూతురు “మూడో చెప్పు!” అంది. భార్య, అత్తగారు ఒక్కసారిగా ఘొల్లుమన్నారు. ఆయన కంచంతో పరుగెత్తుకొచ్చాడు.

“ఏమిటది? మూడో చెప్పేమిటి?”

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని మళ్లీ నవ్వారు.

“చెప్తే ఏం బాగుండదు నాన్నా. నువ్వుంటే తెలిసేది.”

ఆయన కంచం పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయాడు. గుడ్ల కూర బాగానే ఉంది గానీ ముద్ద దిగలేదు. ముద్ద దిగదన్న మాట ఆఫీసులో తనే అన్నట్టు గుర్తుకొచ్చి మరీ చిరాకేసింది.

తరవాతి వారం ఒక పెద్ద హాల్లో సభ. మేనేజరు ముందు వరసలో ఉన్నాడు. ఉపన్యాసం అయ్యాక ప్రశ్నలడగమన్నారు. మధ్య వరసలోంచి ఒకావిడ లేచింది.

“మీరు మా చెల్లెలి కాలనీకి సోమవారం వచ్చారు. మా కాలనీకి ఇవాళ వచ్చారు. రేపు మా ఆడపడుచు వాళ్ల దగ్గరికట. ప్రతి సాయంత్రం ఇక్కడే ఉంటే ఇంట్లోవాళ్లతో ఎప్పుడు తింటారండీ?”

రాయబారి మైకు ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. ఆదివారం అందామనుకున్నాడు. ఆదివారాలే రెండేసి సభలు. పొద్దున్న అందామనుకున్నాడు. ఎందుకో నోరు తిరగలేదు.

“తినడం లేదండీ,” అన్నాడు. “మా ఇంట్లో ముగ్గురూ కలిసి తింటున్నారు. నేను తప్ప. నాకు నిన్నటి కూరేమిటో కూడా తెలియదు.”

ఉద్యోగం ఊడినట్టేనని ఆయన మైకు కింద పెట్టబోయాడు. అంతలో వెనకనుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. క్షణంలో హాలంతా లేచి నిలబడింది.

“ఎంత త్యాగం!” అంది ప్రశ్న అడిగినావిడే కళ్లు తుడుచుకుంటూ. “మనందరం కలిసి తినాలని తను పస్తులుంటున్నాడు పాపం!”

ఆ పూట పెద్ద గిన్నెలన్నీ అమ్ముడుపోయాయి. మేనేజరు వేదిక ఎక్కి ఆయన్ని వాటేసుకున్నాడు.

“అదరగొట్టావయ్యా! ఇక రోజూ చివర్లో ఇదే చెప్పు. వచ్చే నెల నుంచి చుట్టుపక్కల ఊళ్లకి కూడా పంపిస్తా. అక్కడ నిన్నటి కూరే కాదు, ఇంటి మొహమే తెలియదని చెప్పొచ్చు.”

మర్నాడు ప్రచారాధికారి మేనేజరు గదిలోకి వెళ్లి, ఇకమీదట సాయంత్రాలు రాలేనన్నాడు.

“ఎందుకని?”

“ఇంట్లో భోజనానికండీ. మా వాళ్లతో కలిసి.”

మేనేజరు వెనక గోడమీద ‘ఇంటి వంట, ఇంటిల్లిపాదీ’ అన్న పెద్ద బొమ్మ వేలాడుతోంది. ఆయన దాని కింద కూర్చుని తల పట్టుకున్నాడు.

“అదేం కారణమయ్యా? అన్నం తినడానికి ఇంటికి పోతానంటే పైవాళ్లు నా మొహాన ఉమ్ముతారు. ఏదైనా రోగం చెప్పు.”

“రోగమేమీ లేదండీ.”

“కడుపునొప్పని రాయి. సాయంత్రం వేళ వస్తుందని రాయి.”

అలా రాసిచ్చాక గానీ సెలవు దొరకలేదు. కొత్త రాయబారిగా గిడ్డంగి గుమాస్తాను వేశారు. పెళ్లికాలేదు, లాడ్జిలో ఉంటాడు, హోటల్లో తింటాడు, ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లు లేరు. ఈ పనికి ఇంతకన్నా తగినవాడు దొరకడని కంపెనీలో అందరూ ఒప్పుకున్నారు. అతను కలిసి తినడం గురించి మాట్లాడుతుంటే ప్రచారాధికారి కన్నా నిజంగా ఉందని కూడా అన్నారు.

సెలవు దొరికిన సాయంత్రం ఆయన ఇంటికి వచ్చేసరికి ముగ్గురూ సగం భోజనంలో ఉన్నారు. ఎవరూ లేచి ఎదురురాలేదు. భార్య కాస్త జరిగి చోటిచ్చింది.

“చేతులు కడుక్కుని రండి. ఇవాళ క్యాబేజీ. ఉప్పెక్కువైంది, వండింది మీ కూతురు. తిట్టకండి.”

“నేనెందుకు తిడతాను?” అని కూర్చున్నాడు. ఉప్పు నిజంగానే ఎక్కువైంది. అన్నం ఎక్కువ కలుపుకున్నాడు.

కూతురు ఆగిన చోటి నుంచి కథ అందుకుంది. లాబ్‌లో మాస్టారు, ఎవరో వదిలేసిన గొడుగు, కిటికీ పక్కన కూర్చునే ఒక అబ్బాయి ఉన్నారు అందులో. మొదలు తెలియకపోవడంతో ఆయనకి తలాతోకా అందలేదు. అయినా వెనకబడిపోకూడదని, గొడుగు పేరు రాగానే పెద్దగా నవ్వాడు.

ముగ్గురూ ఆయన వంక చూశారు.

“అక్కడ కాదు బాబూ నవ్వేది,” అంది అత్తగారు ఆయన కంచంలో పప్పు వేస్తూ. “ఇంకా ఉంది, వినండి.”

ఆయన నవ్వు ఆపి, ముద్ద చేతిలోనే పట్టుకుని, కూతురి వైపు తిరిగాడు.