మూడో బెంచీ తలుపు

రెండేళ్ల తర్వాత ఆల్ఫిల్డ్ మా చర్చికి వచ్చింది. అదీ ఊరు చూడవచ్చిన యాత్రికుల వెంట. పైన కమానుల్ని మొదటిసారి చూస్తున్నట్టు మెడ వెనక్కి వంచి చూసింది. నాకు ఒళ్లు మండింది. ఇక్కడ గంట కొట్టేదీ, ఊడ్చేదీ, తాళం వేసేదీ నేనే. నా దగ్గరా ఈ వేషాలు?

"కూర్చో అక్కా, ఇంకాసేపట్లో ప్రార్థన."

"ఎక్కడ కూర్చోమంటావ్ గాట్‌హార్డూ? చూసి పోదామని వచ్చా."

ఇది ఏ రాజో కట్టించింది కాదు. ఏడువందల ఏళ్ల కిందట మా గాట్లండ్ దీవి రైతులే, కమతానికి ఇన్ని బండ్ల రాయి చొప్పున పంచుకుని తోలారు. అందుకే బెంచీలకి నడవ వైపునుండే చిన్న చెక్క తలుపుల మీద కమతాల పేర్లుంటాయి, మనుషులవి కాదు. 'సిగ్వాల్డా' అని రాసున్న మూడో బెంచీలో ఆల్ఫిల్డ్ నలభై ఏళ్లు కూర్చుంది. భర్త పోయాక కమతం అమ్మేసింది. దాంతోపాటే బెంచీ కూడా పోయింది.

"ఖాళీలు బోలెడున్నాయి కదా," అన్నాను.

"అది బోట్వాల్డా వాళ్లది, ఇది నిగార్డ్స్ వాళ్లది. ఎవరి కంచంలో చెయ్యి పెట్టమంటావ్?" ఆమె చూపు మూడో బెంచీ మీదే ఉంది. "మా కమతం కొన్నవాళ్లు ఇంకా రాలేదే?"

వచ్చింది. స్టాక్‌హోం నుంచి వచ్చి కమతం కొన్న లోవీసా, ఎప్పటిలాగే అందరికన్నా వెనక కుర్చీలో కూర్చునుంది. మా మాటలు విని లేచింది.

"ఆ బెంచీ మీదేగా అమ్మా. మీరు వేసుకు కూర్చునే దిండు కూడా అక్కడే ఉంది. ఎప్పుడైనా వస్తారని..."

రెండేళ్లుగా ఆ ఖాళీ బెంచీని తుడిచింది నేనే. ఒకావిడ రాకపోవడమూ, ఇంకొకావిడ వెనక కూర్చోవడమూ చూస్తూనే, నాకెందుకులే అని ఊరుకున్నాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"సిగ్వాల్డా బెంచీ రెండేళ్లు ఖాళీగానా! చెప్పడానికి నీ నోరు పడిపోయిందా?" అని నన్ను కసిరి, ఆల్ఫిల్డ్ లోవీసా చెయ్యి పట్టుకుని ముందుకు లాక్కుపోయింది. మూడో బెంచీ తలుపు తీసింది.

"ఇదిగో, తలుపు పక్కనిది కమతం ఇల్లాలి చోటు. వచ్చేవాళ్లకి తలుపు తీయాల్సింది నువ్వే. కూర్చో."

"మరి మీరు?"

"పిలిస్తే కూర్చుంటా." ఆల్ఫిల్డ్ తలుపు బయటే నిలబడింది.

"రండమ్మా," అంది లోవీసా.

ఆ బెంచీలో గోడవార చోటు చుట్టాలది. నలభై ఏళ్లుగా తన ఇంటికొచ్చిన వాళ్లని ఆల్ఫిల్డే అక్కడ కూర్చోబెట్టేది. ఇప్పుడు తనే, లోవీసా మోకాళ్లకి తగలకుండా పక్కకి ఒదిగి, లోపలికి వెళ్లి, ఆ చోట్లోనే కూర్చుంది.