పిచ్చుకలు వాలని వరుసలు

ఫాల్గుణము ముగియవచ్చిన యా దినమున, ప్రచండమార్తాండకిరణతప్తమై గోదావరి కాలువ యడుగంటియుండఁగా, తత్తీరమందలి ధాన్యపు మిల్లుల రేకుకప్పులు కాఁగిన పెనములవలె మండుచుండెను. అట్టి మిట్టమధ్యాహ్నమున, ఉద్యోగవిరమణమునకుఁ బదునేడు దినములు మాత్రమే మిగిలియున్న బ్యాంకు శాఖాధికారి వేమకోటి సోమసుందరము, మిల్లు యజమాని దాసం గవర్రాజుగారు అప్పునకుఁ దాకట్టు చూపిన ధాన్యమును దనిఖీ చేయవచ్చి, గిడ్డంగి ద్వారముకడ కుర్చీలోఁ జదికిలఁబడెను.

గవర్రాజుగారు స్వహస్తములతోఁ గొబ్బరిబోండ మందించిరి. వచ్చిన యధికారి కుర్చీ కదలకయే ముందువరుస బస్తాల నెంచి, వరుసల సంఖ్యచే హెచ్చవేసి, సంతకము చేయుట యచటి యాచారము. మూఁడేండ్లుగా సోమసుందరమును అట్లే చేసెను. పైవారికిఁ బుస్తకము నిష్కళంకముగా నుండవలెను గావునఁ బాతయప్పు వడ్డీకిఁ గ్రొత్తయప్పిచ్చి కళంకము గప్పుటయు నాతనికి నలవాటే. అలసినవానికి ఆచారమంత మెత్తని పఱుపు వేఱొకటి లేదు గదా!

ఆనాఁడు మాత్రము పిచ్చుక లాతని దృష్టి నాకర్షించెను. ముందువరుస చిరుగులపై గుంపులుగా వ్రాలుచున్న యా పక్షులు వెనుకబస్తాల నొక్కటియుఁ దాఁకకుండెను. ఆతఁడు మెల్లగా లేచి, వెనుకబస్తా కుట్టు విప్పి చేయి పెట్టెను. గుప్పిటిలోనికి వచ్చినది ఊక.

గవర్రాజుగారి మొగము వాడిపోయెను.

"మూడేళ్ళ కిందట ధర పడిపోయిందండీ. సర్కారుకి తోలిన బియ్యం డబ్బు ఇంకా రాలేదు. ముందు వరుస తప్ప ఉన్న ధాన్యమంతా అమ్మి కూలీలకిచ్చాను. అప్పుడే మీతో చెబుదామని వస్తే, ‘ఇప్పుడు కాదు, మార్చి గట్టెక్కనివ్వండి’ అన్నది మీరే కదండీ! ఈ ఒక్క సంతకం పెట్టెయ్యండి బాబూ. తర్వాత సంగతి వచ్చే ఆయన చూసుకుంటారు."

సోమసుందరమునకుఁ గోపము రాలేదు, సిగ్గు వచ్చెను. నిజము వ్రాసినచోఁ దన పాతసంతకములే తనపై సాక్ష్యము పలుకును, పింఛను నిలిచిపోవును; వ్రాయనిచో నేమియు నెఱుఁగని రాఁబోవువాని మెడకు నీ యూక చుట్టుకొనును.

"మీరు ఊక నింపారు గవర్రాజుగారూ. నేను చూడకుండా ధాన్యమని రాశాను. ఎవరి తప్పు పెద్దదో నాకు తెలీటం లేదు," అని నిట్టూర్చి, కలము తీసి యిట్లు వ్రాసెను: "ముందువరుస ధాన్యము. వెనుకటి పదునొకండు వరుసలు ఊక. మూఁడేండ్లుగా విప్పి చూడక సంతకము చేసినవాఁడను నేను."

బోండము త్రాగకయే ద్వారము దాఁటి, చేతి యూకను నేలపై విదిలించెను. ఒక పిచ్చుక వ్రాలి, ముక్కుతోఁ బొడిచి చూచి, యెగిరిపోయెను. ఊకయని తెలియుటకు దానికిఁ బట్టినది క్షణకాలము. ఆతనికిఁ బట్టినది మూఁడేండ్లు.