జల్లికొండ మీద వీడియో

కార్తీకం చివర్లో ఒక ఆదివారం పొద్దున్నే ఉషారాణి తన మేనత్త కొడుకు భానుప్రకాష్‌తో జల్లికొండ ఎక్కింది. మందస దాటాక జీడితోటల వెనకాల ఉంటుంది ఆ కొండ. బోర్డు లేదు, మెట్లు లేవు. పైనున్న ఊట నీళ్లకి వచ్చే సవర గిరిజన ఆడవాళ్ల కాళ్లకింద పడిన సన్నటి దారి, అంతే. భానుప్రకాష్‌కి పలాసలో ఫోన్ల షాపు ఉంది. తీరిక దొరికితే కొండలు తిరిగి వీడియోలు పెడతాడు. ఇంట్లో వాళ్లిద్దరికీ పెళ్లి మాటలు నడుస్తున్నాయి. వీడియో తీసిపెట్టమని అతను అడిగితే ఆమె సంబరంగానే బయల్దేరింది.

మంచు ఇంకా విడలేదు. గడ్డి తడికి కాళ్లు జిల్లుమంటున్నా హాయిగానే ఉంది. ఇబ్బందల్లా వీపు మీది సంచితోనే. చాపలూ టిఫినూ ఉన్నాయని చెప్పి తగిలించాడు బావ. సగం దారిలో అందులోంచి ఏదో కారి వీపుకి చల్లగా అంటుకుంది.

"బావా, ఇందులో ఏటో కుళ్లింది."

"పైకెళ్లి సూద్దుంలే. నడు."

ఊట దగ్గర, రాతి సందులోంచి కారే నీళ్లు చిన్న గుంటలో నిలిచి అడుగు గులకరాళ్లు కనిపించేంత తేటగా ఉన్నాయి. ముఖం కడుక్కుందామని ఆమె వంగేలోగా భానుప్రకాష్ సంచి విప్పి తలకిందులుగా దులిపాడు.

కోడి ఎముకలు, పురుగులు కదులుతున్న బిర్యానీ పొట్లాలు, ఎర్రగా ఉమ్మిన గ్లాసులు, గుట్కా కవర్లు, పసిపిల్లల డైపర్లు. ఒక డైపరు దొర్లి గుంటలో పడి, నీళ్లు పీల్చుకుని ఉబ్బింది.

"ఏటి బావా ఇది?"

"సంత ఎనకాల కుప్పలోదే. కొండ సుబ్బరం సేత్తన్నట్టు తీద్దుం. జనం ఇలాంటివే సూత్తన్నారు. ఇక్కడ సూత్తే ఒక్క కాయితం ముక్క లేదు, ఏటి సెయ్యమంటావు?" చేతులకి తొడుగులు వేసుకుంటూ నవ్వాడు.

ఇంతసేపూ తన వీపు మీద కారిందేమిటో ఆమెకి అప్పుడు అర్థమైంది. తుప్పల్లోకి పరిగెత్తి వాంతి చేసుకుంది. తిరిగి వచ్చేసరికి అతను ఫోను రాతికి ఆనించి తనే మొదలుపెట్టేశాడు. నాలుగు ముక్కలు ఏరి, లేని చెమట తుడుచుకుని, "మన కొండల్ని మనమే కాపాడుకోవాలి ఫ్రెండ్స్" అన్నాడు బొంగురుగొంతుతో. నచ్చలేదేమో, మళ్లీ అన్నాడు. కంపుని మించిన రోత పుట్టింది ఆమెకి ఆ గొంతు వింటే. ఇన్నాళ్లూ ఆ గొంతుకే మురిసిపోయింది.

"అయిపోనాది, పద."

"మరి ఇదంతా?"

"ఎవులు సూత్తారే? వానకి కొట్టుకుపోద్ది."

అప్పుడే ఒక పెద్దావిడ బిందెతో వచ్చింది. గుంటలోకి తొంగి చూసి ఆగిపోయింది.

"ఎవులో పారేసి పోనారమ్మా, మేం ఏరుతన్నాం" అన్నాడు భానుప్రకాష్ గబుక్కున.

"కాదమ్మా. మేమే తెచ్చినాం" అంది ఉషారాణి.

ఆవిడ ఇద్దరి మొహాలూ చూసింది. కాండ్రించి పక్కకి ఉమ్మి, ఖాళీ బిందెతో వెనక్కి తిరిగింది.

"నీకు బుర్రుందేటి?" అని కసురుకుంటూ భానుప్రకాష్ దిగిపోయాడు. ఉషారాణి చున్నీ ముక్కుకి చుట్టుకుని ఒట్టి చేతుల్తో అంతా తిరిగి సంచిలోకి ఏరింది. డైపరు ఎత్తబోతే చిట్లి జిగురుగా వేళ్ల సందుల్లోంచి జారింది. దోసిళ్లతో గుంటలో నీళ్లన్నీ తోడి పారబోసింది. కొత్త నీళ్లు ఊరాక అవీ తోడేసింది. మధ్యలో మళ్లీ వాంతయింది.

కింద అతను బండి మీద కూర్చుని ఉన్నాడు.

"ఎక్కు. ఇంట్లో ఏటీ సెప్పకు."

"అన్నీ సెప్తాను. నీ బండి ఎక్కను."

రోడ్డు దాకా నడిచి బస్సెక్కింది. కాళ్ల దగ్గర సంచి. పక్క సీటామె ముక్కు మూసుకుని లేచి ముందుకెళ్లిపోయింది. తానైనా లేచేదే అనుకుంది ఉషారాణి. పలాసలో దిగి సంచి చెత్తబండిలో వేసి ఇంటికెళ్లింది.

"అమ్మా, బావతో పెళ్లి మాట ఇంక ఎత్తకు."

"ఏటయిందే? ఆ కంపేటి?"

"తానం సేసొచ్చి సెప్తాను" అని గడియ పెట్టుకుంది. లోపల నీళ్ల చప్పుడు ఆగలేదు. తల్లి రెండుసార్లు తలుపు కొట్టినా చాలాసేపటిదాకా బయటికి రాలేదు.