నిద్రపోయిన దుంప

మందుకి వాడే అల్లం జాతి మొక్కల చుట్టరికాలు తేల్చడం మా ల్యాబులో నా పని. లేత ఆకుని గడ్డకట్టించి నూరి, అందులోంచి డీఎన్‌ఏ తీసి జెల్లు అనే మెత్తటి పలక మీద నడిపిస్తే, దీపం కింద గీతలు మెరుస్తాయి. గీతలన్నీ కలిస్తే ఒకటే రకం, తేడా వస్తే వేరే రకం. ఈ మొక్కలు దుంప ముక్క విరిచి పాతితే మొలిచేవి. అందుకే చోటుకో పేరు పెట్టుకుని, దగ్గుకి మా రకమే మందంటూ గొప్పలు పోయేవాళ్ళు ఇచ్చినవి చాలావరకు లోపల ఒకటే.

"అన్నీ ఒకటేనని చెప్పడానికి ఇంత చదువెందుకే?" అనేది అక్క. "మా ఆయన్ని అడిగితే టేపు పెట్టి కొలిచి చెప్పేవారు కదా."

అక్క భర్త టైలరు. కూరలో ఉప్పు కూడా కొలిచి వేసే మనిషి కాబట్టి మా ఇంట్లో ఆయన పేరు కొలతల బావ. అక్కకి కిడ్నీలు పాడై, నీళ్ళు బాగా తగ్గించాలని డాక్టరు చెప్పినప్పుడు, గాజు గ్లాసుకి సగానికి దిగువగా ఎర్ర దారం కట్టాడు. ఆ దారం దాటి చుక్క పోసేవాడు కాదు. అక్క బతిమాలేది, తిట్టేది, గోడవైపు తిరిగి పడుకునేది. బావ గుండె రాయి చేసుకున్నాడు. ఆమె ఎదుట తనూ నీళ్ళు తాగడం మానేశాడు. అంత చేసినా అక్క దక్కలేదు.

పోయేముందు అక్క ఆయన్ని కోరింది ఒక్కటే. "బాల్కనీలో నా మొక్కని ఎండబెట్టకండి."

అదీ అల్లం జాతిదే. ఎక్కడో మందుల కొట్టులో కొన్న దుంప మొలకెత్తితే కుండీలో పాతింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, ఊరూరా తిరిగి మొక్కలు పోగేసిన నేను దాన్ని ఏనాడూ పట్టించుకోలేదు. అక్క పోయాక కుండీ అడిగితే బావ ఇవ్వలేదు. ఒక్క లేత ఆకు మాత్రం కోసుకోనిచ్చాడు.

"ఇంకొన్నాళ్ళకి ఆకులన్నీ పండి రాలిపోతాయి బావా," అని ఆ రోజే చెప్పాను. "చచ్చిపోయిందనుకోకు. దుంప లోపల నిద్రపోతూ ఉంటుంది. మళ్ళీ వానలొచ్చేదాకా చుక్క నీళ్ళు పొయ్యకు, కుళ్ళిపోతుంది."

బావ తలూపాడు.

ఆ ఆకు వంతు వచ్చేసరికి వేసవి సగమైంది. జెల్లు మీద అక్క మొక్క వరుసలో, మిగతా వేటిలోనూ లేని చోట గీతలు కనిపించాయి. నేనే ఏదో తగలేశాననుకుని మళ్ళీ మొదటినుంచీ చేశాను. అవే గీతలు, అక్కడే. మేము పోగేసిన వాటిలో దానికి తోడబుట్టినది ఒక్కటీ లేదు. మా మేడం ఆ ఫొటో చూసి, "ఆ దుంప వెంటనే పట్టుకురా. ముక్కలు చేసి పెంచుదాం," అంది.

ఆటోలో వెళ్తున్నంతసేపూ నాకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. చూశావటే, అన్నీ ఒకటే కాదు, నీది వేరే అని అక్కకి చెప్పాలనిపించింది.

తలుపు తీసే ఉంది. బావ బాల్కనీలో కుండీ ముందు ఉన్నాడు. ఆకు ఒక్కటీ లేదు. మట్టి మాత్రం నల్లగా, తడిగా ఉంది. నేను చెప్పులు కూడా విప్పకుండా వెళ్ళి వేళ్ళు లోపలికి గుచ్చాను. దుంప మెత్తగా చితికి, చేతికి అంటుకుంది. కంపు.

"చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా? నీళ్ళు పొయ్యొద్దన్నానా లేదా?" అని అరిచాను. "ఇలాంటిది ఇంకొకటి లేదు బావా! ఎక్కడా దొరకలేదు!"

బావ నావైపు తిరిగాడు. చేతిలో అక్క గ్లాసే ఉంది. దారం లేదు.

"ఆకులు రాలుతుంటే చూడలేకపోయాను," అన్నాడు. "దప్పికేమో అనిపించింది. మీ అక్క ఆఖరి రాత్రి ఇంకొక్క గుక్క అంది. ఒక్క గుక్క. ఇవ్వలేదు నేను. నువ్వూ వచ్చి పొయ్యకు అన్నావు. మళ్ళీ అదే పని నావల్ల కాలేదమ్మా. దారం తెంపేసి రోజూ నిండా పోశాను."

నా కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు.

"నీ దగ్గర ఆకు ఉంది కదా," అన్నాడు ఆశగా. "అందులోంచి మళ్ళీ మొలిపించలేవా?"

"ఆకు నూరేశాను బావా, ట్యూబులో చుక్కెడు సారమే మిగిలింది. అది గీతలు చూడ్డానికే. మొలవదు."

"ఆపితే మీ అక్క పోయింది. పోస్తే ఇది పోయింది," అన్నాడు. "ఇంకెలా చూసుకోవాలో చెప్పు."

కుండీ నేలమీద బోర్లించి, గట్టి ముక్క ఒక్కటైనా తగులుతుందేమోనని మట్టంతా వేళ్ళతో వెతికాను. బావ వంగి చూస్తూ, "ఉందా? ఏమైనా ఉందా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఏమీ లేదు. లేదని చెప్పడానికి తలెత్తాను. ఆయన చేతిలో గ్లాసు అంచుదాకా నిండి ఉంది. ఆ నీళ్ళు ఎక్కడ పొయ్యాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాడు.